నాలుగు చోట్ల నీరు, ఒకే లెక్క: రామగుండం కోల్‌బెల్ట్‌లో నీటిమట్టాల కొలతపై సమీక్ష

రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో నీరు నాలుగు చోట్ల ఉంది: నదిలో, జలాశయాల్లో, బావుల్లో, బొగ్గు బాయిల్లో. నదిని కేంద్ర జల సంఘం కొలుస్తుంది. ఎల్లంపల్లి జలాశయం, సుందిళ్ల బరాజు మట్టాలను నీటిపారుదల శాఖ నమోదు చేస్తుంది. బావుల్లో నీరెంత లోతున ఉందో భూగర్భజల శాఖ చూస్తుంది. బాయిలోకి ఊరే నీటిని సింగరేణి బొగ్గు కంపెనీ తోడి పోస్తుంది. నలుగురివీ వేర్వేరు పుస్తకాలు, వేర్వేరు అవసరాలు.

నీటికి మాత్రం ఈ పంపకాలు లేవు. కురిసిన వానలో కొంత ఇసుకరాతి పొరల్లోకి దిగుతుంది. అందులో కొంత బావికి అందుతుంది, కొంత బాయిలోకి ఊరుతుంది. బాయిలో చేరిన నీటిని పంపులు పైకి తోడితే అది వాగులో పడి మళ్లీ గోదావరిలో కలుస్తుంది. గోదావరి నిండుగా నిలిచినప్పుడు నదిలోని నీరే ఒడ్డు కింది ఇసుకలోకి ఎదురు నడుస్తుంది. ఒక చోట మట్టం మారితే ఆ ప్రభావం మిగిలిన మూడింటి మీదా ఎంతో కొంత పడుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో నీటిమట్టాలను కొలవడం గురించి మాట్లాడాలంటే నాలుగింటినీ కలిపి చూడాల్సిందే. ఎవరు ఏం కొలుస్తున్నారు, ఆ కొలత ఏం చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది, నాలుగు లెక్కలూ ఒక చోట చేరితే ఎవరికి మేలు అన్నదే ఈ సమీక్ష.

సున్నా ఎక్కడుంది?

ఏ ఎత్తును చెప్పాలన్నా ముందు ఒక సున్నా కావాలి. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు పూర్తిస్థాయి నీటిమట్టం 148 మీటర్లు. అక్కడ నీరు 148 మీటర్ల లోతుందని దీనర్థం కాదు. సగటు సముద్రమట్టం కంటే ఆ నీటి పైభాగం 148 మీటర్ల ఎత్తున ఉందని అర్థం. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊళ్లో నీటి ఎత్తును కూడా సముద్రం దగ్గర మొదలుపెట్టే లెక్కించాలి.

ఆ సముద్రమేమో క్షణం కూడా ఒక మట్టాన నిలవదు. రోజూ ఆటుపోట్లుంటాయి, పక్షానికోసారి పోటు పెరుగుతుంది, రుతువును బట్టి గాలులు నీటిని తోస్తాయి. చంద్రుడి కక్ష్య వంపు 18.6 ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి నిక్కమైన సగటు కావాలంటే దాదాపు 19 ఏళ్ల రీడింగులు కావాలి. సర్వే ఆఫ్ ఇండియా కరాచీ నుంచి ఒడిశా తీరంలోని ఫాల్స్ పాయింట్ వరకు 9 రేవుల్లో ఆటుపోట్లను నమోదు చేసింది. వాటిలో మన విశాఖపట్నం, అప్పటి మద్రాసు కూడా ఉన్నాయి. ఆ సగటులను సున్నాగా పట్టుకుని 1909 నాటికి దేశమంతటి లెవెలింగ్ లెక్కలను సరిచేసింది. రైల్వే స్టేషన్ల దగ్గర, వంతెనల మీద, పాత ప్రభుత్వ భవనాల గోడల్లో కనిపించే బెంచ్ మార్కులు ఆ సున్నాను లోతట్టు ప్రాంతాలకు మోసుకొచ్చిన గుర్తులు. ఎల్లంపల్లి 148 మీటర్ల వెనుక ఆ రేవుల్లో పగలూ రాత్రీ రాసిన ఆటుపోట్ల లెక్క ఉంది.

సున్నా అంతటా ఒకటే అయితే చిక్కే లేదు. గోదావరి వెంట ప్రాజెక్టుల అంకెలు చూస్తే అలా కనిపించదు. శ్రీరామసాగర్ పూర్తి మట్టం 1,091 అడుగులు, కడెం 700 అడుగులు. ఎల్లంపల్లికి వచ్చేసరికి లెక్క మీటర్లలోకి మారుతుంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకు మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలు ఇస్తారు. ఆ అడుగులు సముద్రమట్టం నుంచి లెక్కించినవి కావు, అక్కడి గేజీ సున్నా నుంచి లెక్కించినవి. ఇక బావుల లెక్క నేల నుంచి కిందికి సాగుతుంది. ఇంజనీర్లకు ఇవన్నీ తెలిసినవే. పత్రికలో మూడు అంకెలు పక్కపక్కనే చదివే గృహస్థుకు, రైతుకు మాత్రం ఏది ఎత్తో ఏది పల్లమో అంతుపట్టదు.

సున్నా తేడా ఎంత దూరం తీసుకుపోగలదో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. నది ఒడ్డున రెండు బావులున్నాయి. రెండింటిలోనూ నీరు నేల నుంచి 12 మీటర్ల లోతునే ఉంది. మొదటి బావి దగ్గర నేల ఎత్తు 145 మీటర్లు కాబట్టి అందులోని నీటి ఎత్తు 133. రెండో దాని దగ్గర నేల 140 మీటర్లు, నీరు 128 మీటర్ల ఎత్తున. నదిలో మట్టం 130 అనుకుంటే మొదటి బావి వైపు నుంచి నీరు నదికి పోతోంది, రెండో బావి వైపుకు నది నుంచి నీరు వస్తోంది. లోతు ఒక్కటే అయినా నడక ఎదురెదురు. లోతు మాత్రమే రాసుకుని నేల ఎత్తు రాయని పట్టికలో ఈ తేడా కనిపించదు.

మట్టం అంకె మనుషుల బతుకులనే మార్చగలదని తెలుగువాళ్లకు కొల్లేరు ఇంతకుముందే చూపింది. 1999లో అభయారణ్యం హద్దును +5 అడుగుల కాంటూరు వరకు నిర్ణయించారు. సముద్రమట్టం నుంచి లెక్కించిన ఆ గీతకు లోపల ఎవరి చెరువుంది, బయట ఎవరి పొలముంది అన్నది అప్పటి నుంచీ ఆ ప్రాంతంలో తెగని వివాదం. రామగుండంలో అలాంటి గీతలు చాలా ఉన్నాయి. జలాశయం ముంపు గీత, వరద గీత, బాయి నోటికి ఉండాల్సిన ఎత్తు గీత. వాటన్నిటికీ కొలతే ఆధారం.

గోదావరి: గేజీ చెప్పేది, చెప్పనిది

నది మట్టాన్ని చూసే పద్ధతి పైకి చాలా తేలిక. ఒడ్డు నుంచి నీటిలోకి మెట్లుమెట్లుగా సెంటీమీటర్ల గుర్తులున్న గేజీ పలకలు పాతుతారు. కేంద్ర జల సంఘానికి మంచిర్యాలలో ఇలాంటి పరిశీలన కేంద్రం ఉంది. మామూలు రోజుల్లో నిర్ణీత వేళల్లో, వరద రోజుల్లో గంటగంటకూ పలక చూసి రాస్తారు. ఇప్పుడు వంతెనల మీద నుంచి రాడార్‌తో నీటి పైభాగాన్ని చూసే పరికరాలు, నీటి అడుగున ఒత్తిడిని పసిగట్టే సెన్సర్లు వచ్చాయి. అవి కొద్ది నిమిషాలకోసారి అంకె పంపగలవు. అయినా పలకను తీసేయరు. సెన్సర్ జారినా, పూడికలో కూరుకుపోయినా ఆ తప్పును పట్టిచ్చేది మనిషి కంటితో చూసిన ఆ రీడింగే.

జనానికి కావలసింది మట్టం ఒక్కటే కాదు, ప్రవాహం కూడా. దానికోసం నది అడ్డుకోతను నిలువు ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కలో నీటి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర కరెంట్ మీటర్ దించి వేగం చూస్తారు. వేగాన్ని ఆ ముక్క వైశాల్యంతో గుణించి అన్నిటినీ కూడితే ప్రవాహం వస్తుంది. ఇది రోజుకు ఎన్నోసార్లు చేయగలిగిన పని కాదు. అందుకే ఏళ్ల తరబడి తీసిన మట్టం-ప్రవాహం జంటల నుంచి ఫలానా మట్టానికి ఫలానా ప్రవాహం అనే వక్రరేఖ గీసుకుంటారు. వరద వేళ మనం వినే లక్షల క్యూసెక్కుల్లో చాలావరకు ఇలాంటి రేఖ మీద నుంచో, గేట్ల కింది ప్రవాహపు సూత్రం నుంచో వచ్చినవే.

ఆ రేఖ నమ్మదగినదిగా ఉండాలంటే నది అడుగు మారకూడదు. కోల్‌బెల్ట్ గోదావరిలో అడుగు మారడానికి కారణాలు ఎక్కువ. భూగర్భ గనుల్లో బొగ్గు తీసిన ఖాళీలను నింపే స్టోయింగ్ కోసం ఇక్కడి బాయిలు దశాబ్దాల పాటు గోదావరి ఇసుకను వాడాయి. ఇళ్లకు, రోడ్లకు తవ్వే ఇసుక వేరే. వరద కొత్త ఇసుక తెస్తుంది, బరాజు కట్టాక కొంత మేట వేస్తుంది. పదేళ్ల కిందటి రేఖతో ఇవాళ్టి మట్టాన్ని ప్రవాహంగా మార్చితే తప్పు రావచ్చు. అడ్డుకోతను ఏటా కొత్తగా కొలవాలి.

జలాశయాల సంగతీ ఇదే. పైన ఉన్న శ్రీరామసాగర్ దీనికి కళ్లెదుటి సాక్ష్యం. పూర్తి మట్టం ఎప్పుడూ 1,091 అడుగులే. మొదట ఆ మట్టానికి 112 టీఎంసీల నీరు పట్టేది. పూడిక సర్వేల తర్వాత 90.31 టీఎంసీలని, ఇటీవల 80.5 టీఎంసీలని సవరించారు. గేజీ అబద్ధమాడలేదు, అడుగున మట్టి చేరింది. ఎల్లంపల్లి సామర్థ్యం 20.175 టీఎంసీలు. హైదరాబాద్ తాగునీరు, ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం అవసరాలు, చుట్టుపక్కల పొలాలు ఆ నీటి మీదే ఆధారపడ్డాయి. ఇంతమందికి నీరు పంచే చోట మట్టాన్ని టీఎంసీలుగా మార్చే పట్టిక పాతబడితే పంపకమే తప్పుతుంది. ఎల్లంపల్లి అడుగును కూడా నిర్ణీత కాలానికోసారి కొలిచి, కొత్త పట్టికను ప్రజల ముందు పెట్టడం అవసరం.

వరదలో కొలత విలువ ప్రాణాలంత. 2022 జూలై దీన్ని మరోసారి చూపింది. కడెం ప్రాజెక్టుకు గేట్లు వదలగలిగినదానికన్నా ఎక్కువగా, 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. నీరు ఆనకట్ట పైనుంచి పొర్లింది. మంచిర్యాల పట్టణంలో కాలనీలు మునిగాయి. అదే వరద రోజుల్లో, జూలై 16న, గోదావరి భద్రాచలంలో 71.3 అడుగులు తాకింది. 1986 ఆగస్టులో నమోదైన 75.6 అడుగుల తర్వాత అక్కడ అంతటి మట్టం అదే. భద్రాచలానికి పై కేంద్రాల రీడింగుల వల్ల ముందు హెచ్చరిక దొరుకుతుంది. రామగుండం, మంచిర్యాలకు పైనుంచి వచ్చే వాగులకు, కడెం లాంటి ఉపనదులకు దూరం తక్కువ, వ్యవధి ఇంకా తక్కువ. పెద్ద నది గేజీ ఎంత బాగున్నా చిన్న వాగుల మీద గేజీలు లేకపోతే ఈ ఊళ్లకు హెచ్చరిక ఆలస్యమవుతుంది.

బరాజు తెచ్చిన పోటు

తీరంలో పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సు మట్టాన్ని రెండు శక్తులు నిర్ణయిస్తాయి. సముద్ర ముఖద్వారం నుంచి వచ్చే పోటు ఒకటి, కాళంగి, ఆరణి నదులు తెచ్చే వానకాలపు నీరు రెండోది. ముఖద్వారం ఇసుకతో పూడితే పోటు లోపలికి రాదు, వేసవిలో సరస్సు కుదించుకుపోతుంది. చిలికా సరస్సులో ఇదే జరిగినప్పుడు నీటి నడకను శాస్త్రీయంగా అధ్యయనం చేసి 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం తెరిచారు. చేపలు పెరిగాయి, 2002లో ఆ సరస్సు ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా నుంచి బయటపడింది. మట్టాలను, ఉప్పదనాన్ని ఏళ్ల తరబడి కొలవకుండా ఆ ద్వారం ఎక్కడ తెరవాలో నిర్ణయించడం కుదిరేది కాదు.

గోదావరిఖని దగ్గర నదికి అలాంటి ద్వారం మనిషి కట్టినదే. కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో మేడిగడ్డకు 100 మీటర్లు, అన్నారానికి 119, సుందిళ్లకు 130 పూర్తి మట్టాలుగా పెట్టారు. వాటికి పైన ఎల్లంపల్లి 148. కింది నుంచి పైకి నీటిని మెట్లెక్కించే అమరిక ఇది. సుందిళ్ల నిండితే దాని వెనుక జలం గోదావరిఖని మీదుగా ఎల్లంపల్లి దిశగా పరుచుకుంటుంది. 2019 నుంచి ఇక్కడి జనం వేసవిలో కూడా గోదావరి నిండుగా నిలిచిన కాలాలు చూశారు. అంతకుముందు ఏప్రిల్, మే నెలల్లో ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారిన నది అది.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ పియర్లు కుంగాయి. ఆ తర్వాత జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ సూచనల మేరకు మూడు బరాజుల్లోనూ నీరు నిలపడం మానేశారు. సుందిళ్ల వెనుక 130 మీటర్ల మట్టం పోయింది, నది పాత వేసవి రూపానికి వచ్చింది. ఈ ప్రాజెక్టు మంచిచెడ్డల మీద వాదనలు వేరే చోట సాగుతున్నాయి. నీటిమట్టాల దృష్టితో చూస్తే మాత్రం ఇక్కడ అరుదైన పరిస్థితి ఏర్పడింది. ఒకే నది, ఒకే ఒడ్డు, ఒకే బావులు. కొన్నేళ్లు నీరు నిలిచింది, తర్వాత నిలవలేదు. నది మట్టం పెరిగినప్పుడు ఒడ్డు బావుల్లో ఎంత దూరం వరకు, ఎన్ని రోజుల ఆలస్యంతో నీరు పెరిగింది? నది దిగినప్పుడు ఎంత వేగంగా దిగింది? నది పక్కనున్న బాయిల్లో ఊట మారిందా? ప్రయోగశాలలో కోట్లు పెట్టినా చేయలేని పరీక్ష ఇది. దీని ఫలితం నాలుగు శాఖల పుస్తకాల్లో ఉంటుంది. తేదీలవారీగా వాటిని పక్కపక్కన పెట్టి చదవాలి. రేపు బరాజులను బాగుచేసి నింపినా, ఖాళీగా ఉంచినా ఆ చదువు పనికొస్తుంది.

బావులు, పిజోమీటర్లు

భూగర్భజలాన్ని చూడటానికి మొదట్లో ఊరి బావులే పరికరాలు. సుద్ద రాసిన ఉక్కు టేపును దించి, తడిసిన గుర్తు చూసి లోతు చెప్పేవారు. తర్వాత నీరు తగలగానే మోగే సౌండర్లు వచ్చాయి. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు పరిశీలన బావులను చూస్తుంది. వానలకు ముందు, ఆగస్టులో, నవంబరులో, జనవరిలో. తెలంగాణ భూగర్భజల శాఖ పిజోమీటర్లలో నెలనెలా చూస్తుంది. పిజోమీటర్ అంటే నీరు తోడటానికి వేసిన బోరు కాదు, చూడటానికి మాత్రమే వేసిన సన్నని బోరు. గని ప్రాజెక్టులకు ఇచ్చే పర్యావరణ అనుమతుల్లో కూడా చుట్టుపక్కల బావుల మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు నమోదు చేయాలనే షరతు ఉంటుంది.

ఇక్కడ రాతి తేడాను మరవకూడదు. ఈ ప్రాంతం ఉన్న పెద్దపల్లి జిల్లాలో నైరుతి వైపు గ్రానైట్ నేలలు, ఈశాన్యంగా గోదావరి వెంట గోండ్వానా ఇసుకరాళ్లు. గ్రానైట్‌లో నీరు పగుళ్లలోనే ఉంటుంది, ఇసుకరాయి తన రంధ్రాల్లో ఎక్కువ పట్టుకుంటుంది. 100 మిల్లీమీటర్ల నీరు ఇంకిందనుకుందాం. రాయిలో నీరు పట్టే ఖాళీ 2 శాతమే అయితే మట్టం 5 మీటర్లు పెరుగుతుంది, 10 శాతం అయితే ఒక మీటరే. అంటే మట్టం ఎక్కువ పెరిగిన మండలంలో నీరు ఎక్కువ చేరిందని చెప్పలేం. మండలాల సగటులను వరుసగా పేర్చి ర్యాంకులివ్వడం ఈ కారణంగానే జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

ఏడాదికి నాలుగు రీడింగులు రుతువులను చూపగలవు, సంఘటనలను చూపలేవు. ఒక పెద్ద వాన, ఒక గేటు ఎత్తడం, గనిలో కొత్త పంపు మొదలవడం లాంటివి పట్టాలంటే గంటగంటకూ రాసుకునే ఆటోమేటిక్ రికార్డర్లు కావాలి. జాతీయ జలవిజ్ఞాన ప్రాజెక్టు కింద ఇలాంటివి చాలాచోట్ల పెట్టారు. వాటితో వచ్చే చిక్కు గాలి ఒత్తిడి. బోరులో దించిన సెన్సర్ తన మీదున్న నీటి ఒత్తిడితో పాటు గాలి ఒత్తిడిని కూడా కొలుస్తుంది. ఒక మిల్లీబార్ మార్పు దాదాపు ఒక సెంటీమీటరు నీటితో సమానం. అల్పపీడనం వచ్చిన రోజున సరిచేయకుండా చదివితే లేని తగ్గుదల కనిపిస్తుంది. పక్కన బేరోమీటర్ పెట్టి తీసివేత చేయాలి.

లోతైన, పైన బిగువైన పొర కప్పిన జలపొరల్లో ఇంకో ఆశ్చర్యం ఉంది. చంద్రసూర్యుల ఆకర్షణకు సముద్రం ఒక్కటే కాదు, రాతి నేల కూడా రోజుకు రెండుసార్లు కాస్త సాగి కుంచించుకుపోతుంది. రాయి సాగినప్పుడు బోరులో నీరు దిగుతుంది, బిగిసినప్పుడు ఎక్కుతుంది. ఆ మార్పు కొన్ని సెంటీమీటర్లకు మించదు. ఇప్పటి చెక్ దేశంలోని దుఖ్‌సోవ్ ప్రాంతంలో నీట మునిగిన బొగ్గు గని షాఫ్టుల్లో నీరు క్రమం తప్పకుండా ఎక్కిదిగడాన్ని 1880లో క్లోన్నే అనే పరిశీలకుడు ప్రకటించాడు. సముద్రం లేని చోట, బొగ్గు గనిలో పోటుపాటు కనిపించిన తొలి ఉదంతాల్లో అదొకటి. ఆ ఎక్కుదిగుడు పరిమాణాన్ని బట్టి రాయి ఎంత బిగువైనదో, నీటిని ఎంత పట్టి ఉంచుతుందో ఇప్పుడు శాస్త్రజ్ఞులు అంచనా వేస్తారు. సింగరేణి పాత బాయిల్లోనూ, లోతు బోర్లలోనూ గంటగంట రికార్డర్లు ఉంటే పంపింగ్ పరీక్షల ఖర్చు లేకుండానే ఆ సమాచారంలో కొంత దొరుకుతుంది.

బాయిలోపలి నీరు

కోల్‌బెల్ట్‌లో అన్నిటికన్నా బరువైన కొలత ఇది. 1871లో గోదావరి లోయ బొగ్గును విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించాడు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది. అప్పటి నుంచి తవ్వకం ఎక్కడికి పోతే నీటి తోడకం అక్కడికి పోయింది. బొగ్గు పొరల పైనా మధ్యలోనూ ఉన్న ఇసుకరాళ్లు నీటిని పట్టుకునే రాళ్లు. తవ్విన చోటికి అది ఊరి వస్తుంది. దాన్ని వాలు వెంట సంపులోకి చేర్చి పంపులతో పైకి పంపుతారు. ఓపెన్‌కాస్టు (ఓసీ) గనుల్లో దీనికి తోడు వాన నేరుగా పడుతుంది. ఒక చదరపు కిలోమీటరు ఓసీ మీద 100 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష ఘనపు మీటర్ల నీరు గుంతలోకి చేరుతుంది. జూలైలో ముసురు పట్టగానే ఓసీల్లో ఉత్పత్తి ఆగిందన్న వార్త రావడం అందుకే.

నడుస్తున్న బాయిలో సంపు మట్టం షిఫ్టు షిఫ్టుకూ తెలుస్తుంది. ప్రమాదం ఎక్కువగా నడవని చోట ఉంటుంది. బొగ్గు తీసేసిన గోఫుల్లో, మూసేసిన పాత వర్కింగుల్లో నీరు ఎవరి కంటా పడకుండా నెమ్మదిగా పెరుగుతుంది. ప్రతి 10 మీటర్ల నీటి నిలువుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి. పాత పనుల్లో నీరు 30 మీటర్లు నిలిస్తే మధ్యనున్న గోడలో ప్రతి చదరపు మీటరు మీదా 30 టన్నుల బరువు. అంటే అక్కడ మట్టం తెలుసుకోవడమంటే అవతల పనిచేసే కార్మికుల మీద ఎంత బరువు వేలాడుతోందో తెలుసుకోవడమే.

2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులు చనిపోయారు. గోదావరిఖనిలో ఆ తేదీని మరిచిన కార్మిక కుటుంబం ఉండదు. దేశం మొత్తం చూస్తే 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్నాలాలో పాత పనుల నీరు విరుచుకుపడి 375 మంది, 1995 సెప్టెంబరు 27న గస్లిటాండ్‌లో కాత్రి నది పొంగి గనిలోకి చొరబడి 64 మంది చనిపోయారు. ఈ తేదీలను పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. చాస్నాలా డిసెంబరు మాట. నది రుతువును బట్టి నడుస్తుంది, గనిలో నిలిచిన నీటికి రుతువు లేదు. వానాకాలం పోయింది కాబట్టి భయం లేదనే ధైర్యం బాయిలో చెల్లదు.

బొగ్గు గనుల నిబంధనలు ఈ అనుభవాల మీదే నిలబడ్డాయి. నీరున్నట్టు అనుమానం ఉన్న పాత పనులకు 60 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి ప్రత్యేక అనుమతి, జాగ్రత్తలు, ముందుగా బోర్లు వేసి చూడటం తప్పనిసరి. బాయి నోటిలో నీరు ప్రవేశించగల అత్యంత కింది చోటు ఆ ప్రదేశపు గరిష్ఠ వరద మట్టానికి కనీసం ఒకటిన్నర మీటరు పైన ఉండాలి. ఈ రెండు నియమాలూ కొలత మీద ఆధారపడినవే. మొదటిదానికి పాత ప్లాన్ సరిగ్గా ఉండాలి, అవతల నీటిమట్టం తెలియాలి. రెండోదానికి గరిష్ఠ వరద మట్టం తెలియాలి. నదిలో కొత్త కట్టడం లేచినప్పుడు వెనుక జలంతో ఆ గరిష్ఠ మట్టమే మారవచ్చు. ఎప్పుడో నిర్ధారించిన అంకెను బాయి నోటి దగ్గర అలాగే ఉంచకుండా బరాజు లెక్కలతో మళ్లీ సరిచూడటం ప్రాణాలకు సంబంధించిన పని.

బయటి అనుభవాలు

బొగ్గు అయిపోయాక బాయి నీటిని ఎవరు చూడాలన్న ప్రశ్నకు జర్మనీలోని రూర్ ప్రాంతం గట్టి జవాబిచ్చింది. అక్కడ చివరి గని 2018 డిసెంబరులో మూతపడింది. తవ్వకాల వల్ల నేల కుంగి చాలా ఊళ్లు నది మట్టం కంటే పల్లంలో ఉన్నాయి. పంపులు ఆగితే ఊళ్లు చెరువులవుతాయి. అందుకే 2007లో ఏర్పాటైన ఆర్‌ఏజీ ఫౌండేషన్ ఆ పంపింగ్‌ను శాశ్వత బాధ్యతగా తీసుకుంది. గని నీరు ఏ మట్టం వరకు పెరగవచ్చు, తాగునీటి పొరలకు ఎంత దూరంలో ఆగాలి అన్నది నిరంతర కొలతతోనే నిర్ణయిస్తారు. బ్రిటన్‌లో 1994లో ఏర్పడిన కోల్ అథారిటీ మూసిన గనుల్లో నీరు పెరిగే తీరును చూస్తూ వచ్చింది. అక్కడి గేట్స్‌హెడ్‌లో గని నీటి వెచ్చదనంతో భవనాలను కూడా వేడి చేస్తున్నారు. కొలత ఉన్న చోట ముప్పు నీరు కూడా వనరు కాగలదు.

ఆకాశం నుంచి కొలిచే రోజులు కూడా వచ్చాయి. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు, 2018 నుంచి వాటి వారసులు భూమి ఆకర్షణలో మార్పును బట్టి భూగర్భజలం తరుగుదలను చెబుతాయి. వాటికి వందల కిలోమీటర్ల విస్తీర్ణమే కనిపిస్తుంది, గోదావరిఖని వాటి దృష్టికి చాలా చిన్నది. 2022 డిసెంబరులో ఎగిరిన స్వాట్ ఉపగ్రహం 100 మీటర్లకు మించి వెడల్పున్న నదుల నీటి ఎత్తును చూడగలదు. గోదావరికి అది బాగా పనికొస్తుంది. అయితే అది మళ్లీ అదే దారికి రావడానికి 21 రోజులు పడుతుంది. బాయిలోపలి నీటిని ఏ ఉపగ్రహమూ చూడలేదు. దానికి మనిషి వేసిన బోరు, మనిషి దించిన టేపే దిక్కు.

చేయాల్సినవి

ఈ ప్రాంతంలో కొలిచేవారికి గానీ, పరికరాలకు గానీ కొరత పెద్దగా లేదు. కొరతంతా కలిపి చదవడంలోనే ఉంది. మొదట అన్ని లెక్కలకూ ఒకే సున్నా కావాలి. నది గేజీ, జలాశయం, పరిశీలన బావి, బాయి నోరు, పాత వర్కింగుల బోరు, వీటన్నిటి ఎత్తునూ సర్వే ఆఫ్ ఇండియా బెంచ్ మార్క్ నుంచి లెవెలింగ్ చేసి మీటర్లలో రాయాలి. బావిలో లోతు చెప్పినప్పుడు నీటి ఎత్తును కూడా పక్కనే వేయాలి. ఇది ఒకసారి చేస్తే దశాబ్దాలు నిలిచే పని.

రెండోది తేదీలు. భూగర్భజల శాఖ, సింగరేణి తమ బావులను ఒకే వారంలో చూస్తే, ఆ వారపు నది మట్టాన్ని, వానను, తోడిన గని నీటిని పక్కన పెడితే నాలుగు అంకెలకూ సంబంధం కనిపిస్తుంది. వేర్వేరు నెలల్లో తీసిన రీడింగులను కలిపితే రుతువు తేడా నిజమైన తేడాను కప్పేస్తుంది.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, మూసిన బాయిల నీటిమట్టాలను బయటపెట్టడం. గోదావరి మట్టం ఎంతో వరద రోజున ప్రతి ఇంటికీ తెలుస్తుంది. ఆ ఇంటి కింద పాత వర్కింగుల్లో నీరు ఎంత ఎత్తున నిలిచిందో తెలుసుకునే దారి ఆ ఇంటివారికీ, కార్మిక సంఘాలకూ, పురపాలక సంస్థకూ ఉండాలి. కొత్త తవ్వకం ఎటు పోవాలో, ఊరు ఎటు పెరగాలో, ఏ గుంతలోని నీరు తాగడానికి పనికొస్తుందో నిర్ణయించే సమాచారం అది. గని నీటిని ఊళ్ల చెరువులకు, పొలాలకు ఇస్తున్న చోట కూడా ఎంత ఇచ్చారో, చెరువు మత్తడి దాకా ఎంత నిండిందో రాసి ఉంచితేనే ఆ పంపిణీ రేపటి వరకు నిలుస్తుంది.

నాలుగోది స్థానికుల చేయి. బడి ఆవరణలోని బావిని పిల్లలే నెలనెలా కొలవగలరు. టేపు దించి, తేదీ వేసి, లోతు రాసి, నేల ఎత్తు నుంచి తీసివేయడం ఏడో తరగతి లెక్క. ఉద్యోగి బదిలీ అయినా, ప్రాజెక్టు గడువు ముగిసినా ఆగని రికార్డు ఇలాంటి చోట్లే తయారవుతుంది. నీటిమట్టాల లెక్కకు విలువ దాని పొడుగును బట్టే వస్తుంది. ఐదేళ్ల లెక్క రెండు మంచి వానాకాలాలకే మోసపోతుంది, ముప్పై ఏళ్ల లెక్క మోసపోదు. సముద్రమట్టానికి సున్నా నిర్ణయించిన వాళ్లు ఏళ్ల తరబడి రీడింగులు తీశారు కాబట్టే శతాబ్దం దాటాక కూడా మనం ఆ సున్నా మీద నిలబడగలుగుతున్నాం.

సింగరేణి బాయిలు కొన్ని మూతపడుతున్నాయి, ఓసీలు కొన్ని చివరికొస్తున్నాయి. తవ్వకం ఆగాక కూడా నీరు అక్కడే ఉంటుంది, పెరుగుతుంది, దారి వెతుక్కుంటుంది. దాని మట్టం ఎంతో ఇప్పటి నుంచే ఒకే పట్టికలో రాసి ప్రజల ముందు పెట్టడం కంపెనీకీ ప్రభుత్వానికీ పెద్ద ఖర్చు కాదు. ఆ పట్టిక లేకపోతే వచ్చే నష్టాన్ని మాత్రం ఈ ఊళ్లో 2003లోనే 17 కుటుంబాలు కట్టాయి.